కొలంబో బాకీలు: డాలర్లు కరువైన దేశానికి మిర్చి అమ్మిన ఒక గుంటూరు సంస్థ కేస్ స్టడీ

ఈ కేసు గుంటూరు మిర్చి యార్డు దగ్గర మూడు దశాబ్దాలుగా వ్యాపారం చేస్తున్న ఒక కుటుంబ భాగస్వామ్య సంస్థది. శ్రీలంక, మలేసియా, ఇండోనేసియా, బంగ్లాదేశ్‌లకు ఎండుమిర్చి ఎగుమతి చేసే ఈ సంస్థకు ఎగుమతి రుణాలు, విదేశీ మారక వ్యవహారాల్లో నేను సలహాదారుగా ఉన్నాను. 2021 చివరి నుంచి 2023 వరకు శ్రీలంకలో నడిచిన ఆర్థిక సంక్షోభం ఈ సంస్థ పుస్తకాల్లోకి ఏ దారిన వచ్చింది, మేము ఏయే నిర్ణయాలు తీసుకున్నాం, వాటిలో ఏవి పనిచేశాయి అన్నది భాగస్వాముల అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. సంస్థను గుర్తుపట్టే వీలు లేకుండా బాకీల అసలు అంకెలు ఇవ్వడం లేదు. 2022 జనవరి నాటికి కొలంబో నుంచి రావలసిన మొత్తాన్ని 100 అనుకుని, మిగతావన్నీ ఆ లెక్కలోనే చెబుతాను.

కరెన్సీ సంక్షోభం అనగానే మన ఎగుమతిదారులకు ముందు గుర్తొచ్చేది మారకపు రేటు. ఈ సంస్థ బిల్లులన్నీ డాలర్లలోనే ఉన్నాయి కాబట్టి శ్రీలంక రూపాయి ఎంత పడిపోయినా తమకు నష్టం లేదని భాగస్వాములు నమ్మారు. కాగితం మీద అది నిజమే. అయితే కొనుగోలుదారు దగ్గర సొమ్ము ఉండి, చెల్లించాలన్న బుద్ధి కూడా ఉండి, అతని బ్యాంకులో డాలరు లేకపోతే ఏమవుతుందన్న ప్రశ్న ఆ లెక్కలో ఎక్కడా లేదు. ఈ కేసు మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

వ్యాపారం తీరు

శ్రీలంక తనకు కావలసిన ఎండుమిర్చిలో ఎక్కువ భాగం భారతదేశం నుంచే కొంటుంది. గుంటూరు నుంచి అక్కడికి ప్రధానంగా సన్నం, 334 రకాలు వెళతాయి. తేజ రకానికి చైనా, ఆగ్నేయాసియా మార్కెట్లు వేరే ఉన్నాయి. మా క్లయింటు అమ్మకాల్లో దాదాపు మూడో వంతు కొలంబోలోని ముగ్గురు కొనుగోలుదారులకే వెళ్ళేది. సరుకు యార్డులో కమీషన్ ఏజెంట్ల ద్వారా కొని, తాలు ఏరించి, అవసరమైతే తొడిమలు తీయించి, టిక్కీలు (మిర్చి బస్తాలు) కట్టించి, కోల్డ్ స్టోరేజీ నుంచి విడతలుగా చెన్నై రేవుకు పంపేవారు. రైతుకూ ఏజెంటుకూ డబ్బు వెంటనే కట్టాలి, కొలంబో నుంచి రావడానికి మూడు నెలలు పడుతుంది. ఆ మధ్య కాలాన్ని సరుకు కొని సిద్ధం చేసుకోవడానికి బ్యాంకు ఇచ్చే ప్యాకింగ్ క్రెడిట్ అనే రుణం, సరుకు ఓడ ఎక్కాక బిల్లుల మీద ఇచ్చే రుణం నడిపించేవి.

2022 జనవరి నాటి 100 బాకీలో 55 వంతులు 90 రోజుల డీఏ బిల్లులు, అంటే కొనుగోలుదారు బిల్లును అంగీకరించి సంతకం చేస్తే చాలు, డబ్బు కట్టకముందే సరుకు కాగితాలు అతని చేతికి వెళ్ళిపోయే పద్ధతి. మరో 25 వంతులు డబ్బు కడితేనే కాగితాలు ఇచ్చే డీపీ బిల్లులు. మిగిలిన 20కి లెటర్ ఆఫ్ క్రెడిట్ (ఎల్‌సీ), అంటే కొనుగోలుదారు బ్యాంకు ఇచ్చే చెల్లింపు హామీ, ఉంది కానీ వాటిలో ఒక్కదానికీ భారతీయ బ్యాంకు కన్ఫర్మేషన్, అంటే ఆ హామీకి మన బ్యాంకు కూడా పూచీ పడడం, లేదు. కన్ఫర్మేషన్‌కు రుసుము అవుతుంది, ఇరవై ఏళ్ళకు పైబడిన పరిచయం ఉన్న పార్టీలతో ఆ ఖర్చు దండగ అన్నది సంస్థ పెద్ద భాగస్వామి వాదన.

మొదటి సూచన

2021 నవంబరులో సంస్థ ప్యాకింగ్ క్రెడిట్ పరిమితిని పెంచమని బ్యాంకును అడగదలచి నా దగ్గరికి వచ్చింది. కారణం కొలంబో కాదు, మన పొలాలే. ఆ సీజనులో నల్ల తామర పురుగు ఉమ్మడి గుంటూరు జిల్లా మిర్చి తోటలను ఊడ్చేస్తోంది, దిగుబడి పడిపోయి ధర పెరుగుతుందని అందరికీ తెలుసు, అదే సరుకు కొనడానికి ఎక్కువ డబ్బు కావాలి. పరిమితి పెంపు దరఖాస్తు కోసం పార్టీలవారీగా వసూళ్ళ కాలాన్ని లెక్కగడితే మలేసియా, ఇండోనేసియా బిల్లులు ఎప్పటిలాగే గడువుకు అటూ ఇటూగా వస్తున్నాయి. కొలంబో బిల్లులు మాత్రం ముగ్గురి దగ్గరా, ఒకేసారి, గడువు దాటి మూడు నాలుగు వారాలకు జారాయి.

ఒక పార్టీ ఆలస్యం చేస్తే అది ఆ పార్టీ సమస్య. ఒకరితో ఒకరికి సంబంధం లేని ముగ్గురు, మూడు వేర్వేరు బ్యాంకుల ద్వారా చెల్లించేవారు, ఒకే నెలలో ఒకే తీరుగా ఆలస్యం చేస్తే కారణం వాళ్ళ దుకాణాల్లో ఉండదు. పెద్ద భాగస్వామి ఫోను చేసి కనుక్కుంటే ముగ్గురూ చెప్పింది ఒకటే: బ్యాంకులో రూపాయలు జమ చేశాం, బ్యాంకు దగ్గర డాలర్లు లేవు, వరుసలో ఉన్నాం. ఆయన నాతో, "ఆడిటర్ గారూ, వాళ్ళు ఎగ్గొట్టే మనుషులు కారండీ, మా నాన్నగారి నాటి పార్టీలు" అన్నారు. ఆయన మాట అక్షరాలా నిజమని తరువాతి సంవత్సరమంతా రుజువైంది కూడా. కానీ కొనుగోలుదారు నిజాయితీ మీద ఎంత నమ్మకం ఉన్నా అతని దేశపు కేంద్ర బ్యాంకు దగ్గర డాలర్లు ఉన్నాయా లేవా అన్నది వేరే విచారణ. ఆ విచారణ కోసం శ్రీలంక కేంద్ర బ్యాంకు ప్రచురించే అంకెలు తీశాం.

కొలంబో లెక్కలు

2019 చివరలో శ్రీలంక విదేశీ మారక నిల్వలు సుమారు 760 కోట్ల డాలర్లు. 2020 చివరకు 570 కోట్లు, 2021 చివరకు 310 కోట్లు అయ్యాయి. దేశం నెలకు చేసే దిగుమతులు 170 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉన్నాయి కాబట్టి ఆ 310 కోట్లు రెండు నెలలకు కూడా చాలవు. పైగా అందులో దాదాపు 150 కోట్లు చైనా కేంద్ర బ్యాంకుతో కుదిరిన 1,000 కోట్ల యువాన్ల స్వాప్ (కేంద్ర బ్యాంకులు తాత్కాలికంగా కరెన్సీలు ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం) ద్వారా వచ్చినవి, వాటిని వాడుకోవడానికి షరతులున్నాయి. ఇక 2022లో ఆ దేశం తీర్చవలసిన విదేశీ అప్పు వాయిదాలు, వడ్డీలు కలిపి 700 కోట్ల డాలర్లకు దగ్గరగా ఉన్నాయి. ఏడాదిలోపు తీర్చవలసిన విదేశీ బాకీలకు సమానంగానైనా నిల్వలు ఉండాలన్నది గిడోట్టి, గ్రీన్‌స్పాన్ల పేరు మీద స్థిరపడిన కనీస కొలమానం. శ్రీలంక అందులో సగం కూడా అందుకోవడం లేదు.

ఇక్కడ పత్రికల్లో కనిపించే నిల్వకూ వాడదగ్గ నిల్వకూ ఉన్న తేడాను నొక్కి చెప్పాలి, ఎందుకంటే చాలా సంక్షోభాలు ఈ తేడాలోనే దాక్కుంటాయి. 1997 జులై 2న థాయిలాండ్ తన కరెన్సీ బాత్‌ను స్థిర రేటు నుంచి వదిలేసే నాటికి ఆ కేంద్ర బ్యాంకు ప్రకటించిన నిల్వలు 3,000 కోట్ల డాలర్లకు పైనే, కానీ అందులో 2,300 కోట్లకు పైబడిన మొత్తాన్ని ఫార్వర్డ్ మార్కెట్లో, అంటే తరువాతి తేదీకి అప్పజెబుతామన్న ఒప్పందాలతో, ముందే అమ్మేసి ఉంది. అంతవరకు డాలరుకు 25 దగ్గర నిలిచిన బాత్ ఆరు నెలల్లో 50 దాటింది. బయటికి కనిపించిన నిల్వను చూసి ధైర్యంగా ఉన్న వాళ్ళందరూ అక్కడ నష్టపోయారు.

శ్రీలంకలో నిల్వలు కరగడానికి కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. 2019 ఏప్రిల్ 21 ఈస్టర్ దాడులు పర్యాటకాన్ని దెబ్బతీశాయి, ఆ వెంటనే కోవిడ్ దాన్ని దాదాపు ఆపేసింది. 2019 చివరలో విలువ ఆధారిత పన్నును 15 నుంచి 8 శాతానికి తగ్గించడంతో పన్నుల రాబడి జీడీపీలో 8 శాతం స్థాయికి పడిపోయింది. 2020లో రేటింగ్ సంస్థలు వరుసగా రేటింగు తగ్గించాక అంతర్జాతీయ బాండ్ల మార్కెట్ తలుపు మూసుకుంది. 2021 మేలో రసాయన ఎరువుల దిగుమతిని నిషేధించి నవంబరులో వెనక్కి తగ్గారు, అప్పటికే వరి, తేయాకు దిగుబడులు నష్టపోయాయి. కానీ ఇవన్నీ ఉన్నా, నా అభిప్రాయంలో, సంక్షోభాన్ని విపత్తుగా మార్చింది రేటును పట్టుకుని కూర్చోవడమే. ప్రభుత్వ లోటును పూడ్చడానికి కేంద్ర బ్యాంకు కొత్త రూపాయలు సృష్టించి ట్రెజరీ బిల్లులు కొంటూ, వడ్డీ రేట్లను అణచి ఉంచి, అదే సమయంలో డాలరును 200 నుంచి 203 రూపాయల మధ్య కట్టిపడేసింది. ఎక్కువైన రూపాయలు దిగుమతుల కోసం పరుగెడతాయి, దిగుమతులు డాలర్లను అడుగుతాయి, ఆ డాలర్లను చవక రేటుకు కేంద్ర బ్యాంకే ఇవ్వాలి. నిల్వలు ఉన్నంతకాలం ఈ ఆట సాగుతుంది, ఒక్కరోజు కూడా ఎక్కువ సాగదు.

అందుకే కొలంబోలో రేటు నెలల తరబడి కదలకుండా ఉండడం మాకు ధైర్యం ఇవ్వలేదు. నిలబెట్టిన రేటు దగ్గర కొరత ధరలో కనిపించదు కాబట్టి వరుసల్లో కనిపిస్తుంది. 2021 ఆగస్టు చివరలో ఆహార నిల్వల మీద అత్యవసర నిబంధనలు ప్రకటించారు. సెప్టెంబరులో 600కు పైగా దిగుమతి వస్తువులకు 100 శాతం నగదు మార్జిన్, అంటే విలువ మొత్తాన్ని ముందే బ్యాంకులో జమ చేయాలన్న షరతు, పెట్టారు, కొద్ది వారాల్లో ఎత్తేశారు. కొలంబో రేవులో నిత్యావసరాల కంటెయినర్లు డాలర్లు కట్టలేక వందల సంఖ్యలో నిలిచిపోయాయి. విదేశాల్లో పనిచేసే శ్రీలంకవాసులు 2020లో 700 కోట్ల డాలర్లకు పైగా బ్యాంకుల ద్వారా పంపగా, 2021లో అది 550 కోట్ల దగ్గరకు దిగింది. వాళ్ళ సంపాదన పడిపోలేదు, బ్యాంకు బయట ఉండియల్ (హవాలా లాంటి అనధికార పద్ధతి) దారిలో ఎక్కువ రేటు దొరుకుతోంది. డిసెంబరులో కేంద్ర బ్యాంకు బ్యాంకుల ద్వారా పంపేవారికి డాలరుకు అదనంగా కొన్ని రూపాయలు ఇస్తామని ప్రకటించినప్పుడు, అధికారిక రేటు మీద ఆ కేంద్ర బ్యాంకుకే నమ్మకం లేదని అర్థమైంది.

జనవరి నిర్ణయాలు

2022 జనవరి మధ్యలో రెండు వార్తలు ఒకేసారి వచ్చాయి. భారత రిజర్వు బ్యాంకు శ్రీలంకకు 40 కోట్ల డాలర్ల స్వాప్ ఇచ్చింది, ఆసియన్ క్లియరింగ్ యూనియన్ (సభ్య దేశాల కేంద్ర బ్యాంకుల మధ్య వాణిజ్య చెల్లింపుల ఏర్పాటు) కింద మనకు రావలసిన 50 కోట్లకు పైబడిన చెల్లింపును వాయిదా వేసింది. జనవరి 18న శ్రీలంక గడువు తీరిన 50 కోట్ల డాలర్ల బాండును పూర్తిగా తీర్చింది. చిన్న భాగస్వామి ఈ రెండింటినీ శుభవార్తలుగా చదివాడు: ఇండియా అండగా ఉంది, దేశం అప్పు కూడా తీర్చింది, ఇక భయమేమిటన్నాడు. నేను వాటిని తిరగేసి చదవమన్నాను. పొరుగు దేశానికి కట్టవలసిన వాణిజ్య శేషాన్నే వాయిదా కోరిన కేంద్ర బ్యాంకు దగ్గర మిర్చి దిగుమతిదారు బిల్లుకు డాలర్లు ఎక్కడి నుంచి వస్తాయి? ఉన్న కొద్ది డాలర్లలో 50 కోట్లు బాండు పట్టిన విదేశీ సంస్థలకు వెళ్ళాయంటే వరుసలో మన బిల్లు ఇంకొంచెం వెనక్కి జరిగిందన్నమాట. అప్పుల పునర్వ్యవస్థీకరణ తప్పదని తెలిసీ, మందులకూ వంటగ్యాసుకూ డాలర్లు మిగల్చకుండా ఆ బాండు తీర్చడం ఆ ప్రభుత్వం చేసిన అత్యంత ఖరీదైన నిర్ణయాల్లో ఒకటని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను.

భాగస్వాముల మధ్య రెండు సాయంత్రాల వాదన జరిగాక మూడు నిర్ణయాలు కుదిరాయి. కొలంబోకు కొత్త డీఏ బిల్లులు ఆపేయాలి. కొత్త ఆర్డరుకు కొంత భాగం ముందుగా వస్తేనే, అదీ డీపీ మీదే, సరుకు పంపాలి. ఎల్‌సీ ఇస్తే భారతీయ బ్యాంకు కన్ఫర్మేషన్ తప్పనిసరి. మూడోది ఆచరణలో సాధ్యపడలేదు, ఎందుకంటే విజయవాడలో మా బిల్లులు చూసే బ్యాంకు శాఖ శ్రీలంక ఎల్‌సీలను ఎంత రుసుముకైనా కన్ఫర్మ్ చేయడానికి సిద్ధంగా లేదు. ఆ నిరాకరణ మాకు సమాచారంగా పనికొచ్చింది. ఫిబ్రవరిలో రెండు ఆర్డర్లు యార్డులోని మరో ఎగుమతిదారుకు వెళ్ళిపోయాయి. అతను డీఏ మీద ఇవ్వడానికి ఒప్పుకున్నాడు. ఆ నెల పెద్ద భాగస్వామికి నా మీద కోపం వచ్చింది, అది సహజం కూడా.

ఫార్వర్డ్ కాంట్రాక్టుల చిక్కు

ఈ కేసులో ఇతర ఎగుమతిదారులకు అన్నింటికంటే పనికొచ్చే భాగం ఇదేనని నా నమ్మకం, అందుకే కొంచెం విస్తరించి రాస్తున్నాను.

సంస్థ ఎప్పటిలాగే కొలంబో నుంచి రావలసిన డాలర్లలో ఎక్కువ భాగాన్ని ఫార్వర్డ్ కాంట్రాక్టులతో ముందే బ్యాంకుకు అమ్ముకుంది. రేటు ఎటు పోయినా తమ రూపాయలు స్థిరంగా ఉండాలన్న జాగ్రత్త అది, మామూలు రోజుల్లో మంచి జాగ్రత్తే. అయితే ఫార్వర్డ్ కాంట్రాక్టు అంటే ఫలానా తేదీకి డాలర్లు తెచ్చి ఇస్తానన్న కట్టుబాటు. కొలంబో నుంచి డాలర్లు రాకపోతే ఆ కట్టుబాటు పోదు. బ్యాంకు ఆ రోజు మార్కెట్ రేటుకు డాలర్లు కొన్నట్టు లెక్క కట్టి కాంట్రాక్టును రద్దు చేస్తుంది, తేడా మన ఖాతాలో పడుతుంది. ఉదాహరణకు జనవరిలో జూన్ చివరి గడువుకు డాలరును 76 రూపాయల దగ్గర అమ్ముకున్న వారు, జూన్ చివరికి రేటు 79 దగ్గర ఉన్నప్పుడు రద్దు చేసుకుంటే డాలరుకు సుమారు 3 రూపాయలు నష్టపోతారు. అటు డాలర్లూ రాలేదు, ఇటు రాని డాలర్ల మీద నష్టమూ కట్టాలి.

దీనికి తోడు బిల్లుల మీద ఇచ్చిన రుణం ఉంది. గడువు తీరాక కూడా బిల్లు వసూలు కాకపోతే, సాధారణంగా 30 రోజులు చూసి, బ్యాంకు ఆ డాలరు బిల్లును ఆనాటి అమ్మకపు రేటుకు రూపాయి అప్పుగా మార్చేస్తుంది. మన వాళ్ళు దీన్ని క్రిస్టలైజేషన్ అనే పిలుస్తారు. బిల్లు కొన్నప్పుడు 75 రూపాయల లెక్కన ఇచ్చిన బ్యాంకు 77 లెక్కన వెనక్కి అడుగుతుంది, ఆ మీద వడ్డీ రాయితీ పోయి మామూలు వడ్డీ మొదలవుతుంది, 90 రోజులు దాటితే ఖాతాయే మొండి బాకీల జాబితాలోకి పోయే ప్రమాదం ఉంది. 2022లో మన రూపాయి ఏడాది మొదట్లో 74 పైచిలుకు నుంచి చివరికి 82 దాటింది. కొలంబోలో డాలరు దొరకని అదే సంవత్సరంలో ఇక్కడ డాలరు ఖరీదవడం యాదృచ్ఛికం కాదు. అమెరికా ఫెడరల్ రిజర్వు వడ్డీలు పెంచడం, యుక్రెయిన్ యుద్ధంతో చమురు ధర ఎగబాకడం రెండు దేశాలనూ తాకాయి. మన దగ్గర నిల్వలు 50,000 కోట్ల డాలర్లకు పైన ఉండబట్టి, ప్రభుత్వ అప్పులో అత్యధిక భాగం రూపాయల్లోనే ఉండబట్టి అది రేటు తగ్గుదలతో ఆగింది. వాళ్ళకు ఆ రెండూ లేవు.

అందువల్ల ఫిబ్రవరి నుంచి చేసిన పని ఏమిటంటే, కొలంబో బిల్లులకు కట్టిన ఫార్వర్డ్ కాంట్రాక్టులను బ్యాంకు అనుమతితో మలేసియా, ఇండోనేసియా వసూళ్ళకు మార్చడం. ఆ దేశాల బిల్లుల్లో కొత్తగా కాంట్రాక్టులు తీసుకోవడం ఆపి, వచ్చిన డాలర్లను పాత కట్టుబాట్లలో అప్పజెప్పాం. రేటు పెరుగుతున్నప్పుడు ఆ డాలర్లను మార్కెట్ రేటుకు అమ్ముకునే లాభం వదులుకున్నట్టే, కానీ రద్దు నష్టం దాదాపు తప్పింది. రేటు ప్రమాదానికి తీసుకునే రక్షణ, డాలర్లు తప్పకుండా వస్తాయన్న నమ్మకం మీద నిలబడుతుంది. ఆ నమ్మకం సందేహంలో ఉన్న దేశపు బిల్లులకు పూర్తి మొత్తంలో ఫార్వర్డ్ అమ్మకూడదన్నది ఆ రోజు నుంచి ఈ సంస్థ లిఖిత నియమం.

మార్చి నుంచి జులై వరకు

మార్చి 7న శ్రీలంక డాలరు రేటును పట్టుకోవడం వదిలేసింది. మొదట 230 లోపు ఉండాలన్నారు, నెలాఖరుకు 300 దగ్గరకు పోయింది, మే నాటికి 360. ఏప్రిల్ 8న వడ్డీ రేట్లను ఒకేసారి 7 శాతం పాయింట్లు పెంచారు. ఏప్రిల్ 12న విదేశీ అప్పుల చెల్లింపులు నిలిపివేస్తున్నట్టు ప్రకటించారు. మేలో ఆ దేశ ఆర్థిక మంత్రి వాడుకోదగ్గ నిల్వలు 5 కోట్ల డాలర్లకు లోపే ఉన్నాయని చెప్పారు. జులైలో అధ్యక్షుడు దేశం విడిచి వెళ్ళాడు, సెప్టెంబరు నాటికి ద్రవ్యోల్బణం 70 శాతం చేరింది.

ఈ అంకెలు మా కొనుగోలుదారుల దుకాణాల్లో ఏం చేశాయో చెప్పాలి. డిసెంబరులో వచ్చిన మిర్చిని వాళ్ళు డాలరు 203 అనుకుని ధర కట్టి అమ్మేశారు, ఆ రూపాయలను బిల్లు గడువు నాటికి బ్యాంకులో జమ చేశారు. బ్యాంకుకు డాలరు దొరికేసరికి దాని ఖరీదు 360. వ్యాపారంలో ఏ పొరపాటూ చేయని మనిషి, చేతికి వచ్చిన డబ్బంతా నిజాయితీగా జమ చేసిన మనిషి, అదే బిల్లు కోసం మళ్ళీ దాదాపు 80 శాతం అదనంగా తేవాలి. కరెన్సీ స్థిరత్వం గురించి మాట్లాడేటప్పుడు బాండ్లు, రేటింగులే చర్చకు వస్తాయి. ఇలాంటి మధ్యతరగతి వ్యాపారులు ఎందరు ఆ ఏడాది తమ జీవితకాలపు మూలధనాన్ని పోగొట్టుకున్నారో తలచుకుంటే బాధ కలుగుతుంది.

ఈ తేడా ఎవరు భరించాలన్నది ఎగుమతి రుణ బీమాలో కీలకం. డీఏ బిల్లుల్లో రెండు పార్టీలవాటికి సంస్థకు ఈసీజీసీ (కేంద్ర ప్రభుత్వ ఎగుమతి రుణ బీమా సంస్థ) పాలసీ ఉంది. కొనుగోలుదారు స్థానిక కరెన్సీలో జమ చేసి, డాలర్లు పంపడంలో దేశం ఆలస్యం చేస్తే అది రాజకీయ ప్రమాదం కిందికి వస్తుంది. రేటు తేడా కట్టనని కొనుగోలుదారు మొరాయిస్తే అది అతనితో వివాదం అవుతుంది, బీమా వాదన బలహీనపడుతుంది. కాబట్టి ఫిబ్రవరి, మార్చి నెలల్లో మేము పెట్టుకున్న పని, ప్రతి బిల్లుకూ కొలంబో బ్యాంకు నుంచి ఫలానా తేదీన ఇంత జమ అయిందన్న ధ్రువపత్రం, రేటు తేడా ఎంతైనా భరిస్తానన్న కొనుగోలుదారు లిఖిత హామీ తెప్పించడం. రేటు 203 ఉన్న రోజుల్లో ఈ హామీ ఎవరైనా ఇస్తారు. 300 దాటాక అడిగితే సంతకం పెట్టడానికి చెయ్యి వణుకుతుంది. ఫిబ్రవరిలోనే అడిగిన ఇద్దరు ఇచ్చారు. ఆలస్యంగా అడిగిన మూడో పార్టీ, బీమా లేనిది కూడా అదే, ఇవ్వలేదు.

డీపీ బిల్లుల కథ వేరు. బ్యాంకుల ద్వారా బిల్లుల వసూలుకు ఉన్న అంతర్జాతీయ నియమావళి యూఆర్‌సీ 522లో 18వ అధికరణం ప్రకారం, డాలర్లలో ఉన్న బిల్లుకు ఆ డాలర్లు వెంటనే పంపగలిగే స్థితిలో ఉంటేనే బ్యాంకు కాగితాలు వదలాలి, వేరే ఆదేశం ఉంటే తప్ప. అంటే స్థానిక రూపాయలు కట్టినంత మాత్రాన సరుకు కదలదు. ఇది ఎగుమతిదారుకు రక్షణ, కానీ కంటెయినరు రేవులో ఎండలో ఉంటుంది, డెమరేజీ (ఆలస్యానికి కట్టే రుసుము) పెరుగుతుంది, తేమ తగిలితే మిర్చి రంగు దిగి బూజుకు దారి తీస్తుంది. కాగితాలు స్థానిక రూపాయలకే వదిలేయమని ఆదేశం ఇవ్వాలా అని పెద్ద భాగస్వామి అడిగారు. వద్దన్నాను. కొలంబో ఎలాగూ ఓడలు మారే రేవు కాబట్టి రెండు కంటెయినర్లను అక్కడి నుంచే మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌కు మళ్ళించాం. దానికి కొలంబో కొనుగోలుదారు నిరభ్యంతర పత్రం కావాలి, ఆయన మరుసటి రోజే ఇచ్చాడు. పాత పరిచయాల విలువ అక్కడ కనిపించింది. మలేసియాలో ధర తగ్గించి అమ్మవలసి వచ్చింది, అయినా డాలర్లు వారాల్లో చేతికొచ్చాయి.

వసూళ్ళు

మార్చి 17న భారత ప్రభుత్వం స్టేట్ బ్యాంక్ ద్వారా నిత్యావసరాలకు ఇచ్చిన 100 కోట్ల డాలర్ల రుణం మీద యార్డులో చాలా ఆశలు పెట్టుకున్నారు. అది కొత్త సరఫరాలకు ఉద్దేశించినది, పాత బిల్లులు దానిలోకి రాలేదు. మా కేసులో నిజమైన మలుపు జులై 8న రిజర్వు బ్యాంకు ఇచ్చిన ఒక చిన్న సర్క్యులర్. అంతవరకు శ్రీలంకతో వాణిజ్య చెల్లింపులు ఆసియన్ క్లియరింగ్ యూనియన్ మార్గంలోనే జరగాలి. టెహ్రాన్ కేంద్రంగా 1974లో ఏర్పడిన ఆ ఏర్పాటులో సభ్య దేశాల కేంద్ర బ్యాంకులు రెండు నెలలకోసారి నికర శేషం మాత్రమే తీర్చుకుంటాయి, డాలర్లు పొదుపవుతాయి. కానీ ఒక సభ్య దేశం దగ్గర శేషం తీర్చే డాలర్లే లేనప్పుడు ఆ మార్గం మూసుకుపోయిన గొట్టమే. ఎగుమతిదారుల ఇబ్బందులను దృష్టిలో పెట్టుకుని, తదుపరి ఆదేశాల వరకు ఆ మార్గం వెలుపల ఏ అనుమతించిన కరెన్సీలోనైనా చెల్లింపులు తీసుకోవచ్చని ఆ సర్క్యులర్ చెప్పింది.

మా పెద్ద కొనుగోలుదారు కుటుంబానికి మిరియాలు, దాల్చినచెక్క ఎగుమతి చేసే మరో సంస్థ ఉంది. దాని డాలర్ల సంపాదనలోంచి మన బిల్లులు తీర్చడానికి ఆయన వసంత కాలం నుంచే సిద్ధంగా ఉన్నాడు, నిబంధన అడ్డుపడింది. సర్క్యులర్ వచ్చాక మూడు పక్షాల లిఖిత ఒప్పందం రాసుకుని, కొనుగోలుదారు బదులు వేరే సంస్థ చేసే చెల్లింపుకు బ్యాంకు దగ్గర ఆమోదం తీసుకుని, ఆగస్టు నుంచి విడతలుగా సొమ్ము రాబట్టాం. ఎగుమతి సొమ్ము తేవడానికి అప్పటి 9 నెలల గడువు దాటబోయే బిల్లులకు బ్యాంకు ద్వారా పొడిగింపు తీసుకున్నాం. ఈ పొడిగింపును చిన్న సంస్థలు నిర్లక్ష్యం చేస్తాయి. ఎగుమతుల పర్యవేక్షణ వ్యవస్థలో బిల్లు తెరిచి ఉండిపోతే సంస్థ హెచ్చరిక జాబితాలోకి వెళ్ళి, తరువాతి ఎగుమతులన్నిటికీ చిక్కు వస్తుంది.

2023 మార్చి 20న అంతర్జాతీయ ద్రవ్యనిధి శ్రీలంకకు 48 నెలల కాలానికి సుమారు 300 కోట్ల డాలర్ల కార్యక్రమాన్ని ఆమోదించే నాటికి మా 100లో 62 నేరుగా వసూలైంది. మళ్ళించిన కంటెయినర్ల ద్వారా, ధర తగ్గింపు పోను, 17 వచ్చింది. రెండో పార్టీ ఇంకా తీర్చలేకపోయిన బిల్లులకు బీమా క్లెయిము కింద 9 వచ్చింది. మూడో పార్టీ దుకాణం మూసేసింది. అతనివీ, తగ్గింపులవీ, డెమరేజీవీ కలిపి మిగిలిన 12 నష్టంగా రాసుకున్నాం. ఫిబ్రవరిలో మేము వదులుకున్న రెండు ఆర్డర్లను డీఏ మీద పంపిన సంస్థ గురించి ఇక్కడ రాయడం మర్యాద కాదు.

ఆ తరువాత ఇవే ప్రశ్నలను బంగ్లాదేశ్ బిల్లులకు వేశాం. 2022 మొదట్లో డాలరుకు 86 ఉన్న టాకా ఆ ఏడాదిలోనే 100 దాటింది, బ్యాంకులు ఎల్‌సీలు తెరవడానికి తటపటాయించాయి, 2023 జనవరి 30న ఆ దేశం 470 కోట్ల డాలర్ల ద్రవ్యనిధి కార్యక్రమంలోకి వెళ్ళింది. శ్రీలంకతో పోలిస్తే నిల్వలు మెరుగు, విదేశీ బాండ్ల భారం లేదు, వస్త్రాల ఎగుమతుల రాబడి ఉంది. కాబట్టి అక్కడ వ్యాపారం ఆపమని నేను సలహా ఇవ్వలేదు. కన్ఫర్మ్ చేసిన ఎల్‌సీ మీదే సరుకు పంపడం, ఒక్కో పార్టీకి బాకీ పరిమితి పెట్టడం, ఆ బిల్లుల్లో సగానికి మించి ఫార్వర్డ్ అమ్మకపోవడం అనే షరతులతో కొనసాగించారు. కొలంబోకు సంస్థ మళ్ళీ సరుకు పంపుతోంది. పెద్ద కొనుగోలుదారుకు డీపీ మీద, కొంత ముందస్తు సొమ్ముతో పంపుతున్నారు. డీఏ పద్ధతిని తిరిగి మొదలుపెట్టమని ఆయన అడిగితే, శ్రీలంక వాడదగ్గ నిల్వలు ఏడాది విదేశీ బాకీలకు సమానమయ్యే వరకు కుదరదని పెద్ద భాగస్వామే జవాబు రాశారు.